నాలుక చూపించని మనిషి

కంపౌండర్ చాచా పోయాడన్న మాట నాకు కామారెడ్డి బస్టాండులో, ఎల్లారెడ్డి బస్సు కండక్టర్ నోట తెలిసింది. టికెట్లు కొడుతూనే చెప్పాడు.

"మీ కంపౌండర్ సాబ్ పోయిండే అన్న. పొద్దుగాల నమాజుకని కాళ్లు చేతులు కడుక్కుంట, వజూ చేసుకుంట చేసుకుంట పడిపోయిండట. నోరు వంకర పోయిందట. గంట సేపు గుడ లేడు."

నోరు వంకర పోయిందట. ఆ మాట విన్నాక తాడ్వాయి దాటేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. పక్షవాతంతో పడిపోయినవాళ్లను రెండోసారి పడనివ్వకుండా ఇల్లిల్లూ తిరిగి బీపీ చూసిన మనిషి, అదే బీపీతో, అదే రోగంతో ఎట్లా పోతాడు? దిగేదాకా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. జవాబు మా ఇంట్లోనే, మా అమ్మ దగ్గరే ఉందని అప్పటికి తెలియదు.

పోయినవాళ్ల గురించి మంచి మాత్రమే రాయాలని మన దగ్గర ఒక మర్యాద ఉంది. ఆ మర్యాద పేరుతోనే చాలా నిజాల్ని మనిషితో పాటు మట్టిలో పెట్టి వస్తుంటాం. నాకు చేతకాదు. చాచా లేకపోతే మా బాపు ఈ పదకొండేళ్లు బతికి ఉండేవాడు కాదు. అది ఎంత నిజమో, చాచా మమ్మల్ని మోసం చేశాడన్నదీ అంతే నిజం. రెండూ రాస్తాను. ఒకటి రాసి ఇంకోటి వదిలేస్తే నేను కూడా ఆయనలాంటివాడినే అవుతాను.

మా బాపు ఎల్లారెడ్డి బజారులో దర్జీ. ఎనభైల మొదట్లో, పెండ్లిళ్ల కుట్టు మీద పడిన ఒక ఎండాకాలం, బాపు చేతిలోంచి కత్తెర జారింది. వంగి తీసుకుందామంటే కుడి చెయ్యి రాలేదు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒక్క పూటలో పోయాయి. మాటల్లో ఒక్కటే మిగిలింది: "అదే." ఆకలైనా అదే, కోపం వచ్చినా అదే, ఎవరైనా పలకరిస్తే దండం బదులు కూడా అదే. పావురం నెత్తురు రాస్తే పక్షవాతం తగ్గుతుందని చుట్టాలన్నారు. మూఢనమ్మకాల మీద అప్పటికే రెండు కరపత్రాలు రాసినవాణ్ని, పావురాన్ని పట్టుకొచ్చింది నేనే.

చాచా ఆ రోజే మా గడపలోకి వచ్చాడు. సర్కారు దవాఖానలో కంపౌండరుగా చేసి రిటైరై మాకు రెండు గల్లీల అవతల ఉండేవాడు. సైకిల్ మా అరుగు పక్క గోడకు ఆనించి, వెనక కట్టిన బీపీ మిషన్ పెట్టె విప్పుకుని లోపలికి వచ్చి, బాపు చేతికి ఎండిన నెత్తురు చూశాడు.

"ఈ పావురం ఏం గుణ్హా జేసిందిర బేటా? మీ బాపు బీపీ దిగలేదు, దాని పానం పోయింది." తర్వాత మా అమ్మ వైపు తిరిగాడు. "చూడు చెల్లె. పోయిన చెయ్యి గురించి తర్వాత ఏడుద్దం. ఇంకోపారి గిట్లనే వస్తే మనిషే ఉండడు. అది రావద్దంటె బీపీ అదుపుల ఉండాలె. ఆ పని డాక్టర్‌తోని గాదు, ఈ ఇంట్లనే అయితది. నువ్వే చెయ్యాలె."

"నాకు అచ్చరం ముక్క రాదన్న," అంది అమ్మ.

"అచ్చరాలతోని పని లేదు. చెవులున్నయా?"

మొదటి నెల బీపీ దిగలేదు. చాచా వచ్చి చేతికి మిషన్ పట్టా చుట్టి చూడటం, తల అడ్డంగా ఊపడం. ఒక రోజు సరిగ్గా తిండి వేళకు వచ్చాడు.

"ఉప్పు బంద్ జేసినవా చెల్లె?"

"చేసిన అన్న. కూరల చిటికెడు గుడ ఎయ్యలే. సప్పటిదే తింటుండు పాపం."

చాచా కంచం దగ్గర గొంతుకూర్చుని చూశాడు. "ఈ ఎర్రగున్నది ఏంది?"

"తొక్కు."

"తొక్కుల ఏమేమి ఏస్తవు?"

"మామిడికాయ, కారం, మెంతిపిండి, నూనె."

"ఇంకా?"

అమ్మ వేళ్ల మీద మళ్లీ లెక్కపెట్టింది. "ఉప్పు ఎయ్యకుంటె బూజు పడ్తది గదన్న," అంది చివరికి. ఆ వెంటనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సప్పటి కూర దిగడం లేదని రోజూ రెండు ముద్దలు తొక్కుతో ఎక్కువ పెట్టిందట. బాపు ఎడమ చేత్తో కంచం దగ్గరికి లాక్కుని "అదే, అదే," అన్నాడు. చాచా గోడకు ఆనుకుని కళ్ల నీళ్లొచ్చేదాకా నవ్వాడు. మా వైపు తొక్కును ఎవరూ ఉప్పుగా లెక్కపెట్టరు. ఆ తర్వాత ఊళ్లో ఏ ఇంటికి పోయినా ఆయన మొదట అడిగేది ఒకటే: "ముందు తొక్కు జాడి సంగతి చెప్పు. మనిషి సంగతి తర్వాత."

అమ్మకు ఆయన బీపీ చూడటం నేర్పిన పద్ధతి నేను ఎక్కడా చూడలేదు. బాపు దారాల డబ్బా తెప్పించి ముందు పెట్టాడు. "మాస్టర్, రెండు రంగులు నువ్వే తియ్యి." బాపు ఎడమ చేత్తో తడిమి తడిమి ఎర్రదొకటి, పచ్చదొకటి తీశాడు. కత్తెర జారవిడిచిన తర్వాత బాపు దారం పట్టుకోవడం అదే మొదలు. చాచా మిషన్ గాజు గొట్టానికి నూట అరవై దగ్గర ఎర్ర దారం, నూట నలభై దగ్గర పచ్చ దారం కట్టాడు. స్టెతస్కోపు గొట్టాలు అమ్మ చెవుల్లో పెట్టి, రబ్బరు బుడ్డ నొక్కించి, పాదరసాన్ని పైకి ఎక్కించాడు.

"ఇగ మెల్లగ ఇడిసిపెట్టు. పాదరసం దిగుతది. మొదటి చప్పుడు ఇనవడంగనే వేలు లేపు. అప్పుడు పాదరసం ఏడున్నదో సూడు. ఎర్ర దారం మీద ఉంటె నాకు కబురు వెట్టు. పచ్చ దారం కింద ఉంటె మాస్టర్‌కు చాయ్ పొయ్యి."

చేసేముందు బాపు ఐదు నిమిషాలు గమ్మున కూర్చోవాలి. బీడీ ముట్టొద్దు. రెండు కాళ్లూ నేల మీద ఉండాలి. చెయ్యి గుండె ఎత్తున దిండు మీద ఉండాలి. అమ్మ వారం రోజులు తప్పులు చేసింది. ఎనిమిదో రోజు ఆమె వేలు లేచిన చోటే చాచా తలూపాడు. పాదరసం దిగడం అందరికీ కనిపిస్తుంది కాని, చప్పుడు ఎక్కడ మొదలైందో గొట్టాలు చెవుల్లో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. మిగతావాళ్లు ఆ వేలిని నమ్మాల్సిందే. ఇది గుర్తుపెట్టుకోండి.

ఇంకో అలవాటు ఉండేది. గోలీ మింగినాక నోరు తెరిచి నాలుక చూపించాలి. పైకెత్తి కింద కూడా. దవడలో దాచి తర్వాత ఉమ్మేసేవాళ్లను ఆయన చాలామందిని చూశాడు. "నొప్పి ఉన్న రోగానికైతె గోలీలు మీరే అడుక్కోని మింగుతరు. ఇది నొప్పిలేని రోగం. గందుకే మీ మీద నాకు నమ్మకం లేదు," అనేవాడు. బీపీ దిగింది కదా ఇంకెందుకని ఒకసారి బాపు మూతి బిగించుకుంటే, చాచా మంచం మీద కూర్చుని చాలా నెమ్మదిగా చెప్పాడు: "మాస్టర్, గోలి మానుడంటె ఇంట్లోళ్లకు దగా చేసుడే. దగా చేస్తవా?" బాపు నోరు తెరిచాడు.

ఇదే మాట. ఆయన నోటి నుంచి వచ్చిన మాటే.

ఎల్లారెడ్డిలో అట్లాంటి ఇండ్లు ఆరో ఏడో ఉండేవి. అన్నింటికీ తిరిగేవాడు. నన్ను చూస్తే మాత్రం ఊరుకునేవాడు కాదు. "ఏం కామ్రేడ్ సాబ్, ఇంక్విలాబ్ ఎంతవరకు వచ్చింది? కామారెడ్డి దాటిందా, అక్కడనే బస్సు కోసం చూస్తున్నదా?"

పద్ధతి, చెవులు, దారాలు అన్నీ ఉన్నాయి. గోలీలు మాత్రం ఇంట్లో పుట్టవు. బజారులో ఒక నెల దొరికితే రెండు నెలలు దొరికేవి కావు. సర్కారు దవాఖానలో పదిహేను రోజులకు ఒకసారి ఇచ్చేవాళ్లు. ఆ దవాఖాన పేరు రాయను. ఒక్క దాని పేరు రాస్తే మిగతావి మంచివని మీరనుకుంటారు. అక్కడి నియమం, రోగి స్వయంగా రావాలి. బాపును రెండుసార్లు బస్సులో తీసుకుపోయాం. రెండోసారి దిగుతుంటే మెట్టు మీద నుంచి పడ్డాడు. మోకాలు చెక్కుకుపోయింది, అంతకంటే పరువు పోయింది. మూడోసారి నేనొక్కడినే పోయాను.

"మనిషి రావాలె," అన్నాడు కిటికీ అవతలి ఆయన.

"ఆ మనిషికి పక్షవాతం సార్. నడవలేడు."

"మనిషిని సూడకుండ బీపీ గోలీలు ఎట్ల ఇయ్యాలె? ఎత్తుకొని రాండ్రి."

నేను అక్కడ గట్టిగా మాట్లాడాను. నేను పనిచేస్తున్న సంఘం తరఫున వినతిపత్రం ఇచ్చాం. దాని నకలు నా దగ్గర ఇప్పటికీ ఉంది, భాష చాలా బాగుంటుంది. ఆ నెలలోనే ఇంకో ఉద్యమం వచ్చింది, అటు పోయాం. మళ్లీ ఆ కిటికీ దగ్గరికి మాలో ఎవరమూ పోలేదు.

"నీ కాయితం కదిలేదాంక మీ బాపు ఆగుతడా?" అన్నాడు చాచా. "నేను తెస్త. నా పాత దోస్తు ఒకడున్నడు ఆడ. నా మాట తీసెయ్యడు."

తెచ్చాడు. పదిహేను రోజులకు ఒకసారి, పదకొండేళ్లు. రేకు డబ్బాలో గోలీలు పోస్తూ "దోస్తు సలాం చెప్పిండు మాస్టర్," అనేవాడు. మేం నమ్మాం. నేనైతే ఒక పత్రికలో వ్యాసమే రాశాను, అక్షరం రాని ఆడమనిషి బీపీ చూడగలిగితే వైద్యాన్ని డాక్టర్లు గుప్పిట్లో పెట్టుకోవడం దేనికని. సభల్లో చదివితే చప్పట్లు పడ్డాయి. గోలీలు ఎక్కడి నుంచి వస్తున్నాయని ఆ సభల్లో ఎవరూ అడగలేదు. రాసినవాణ్ని నేనూ అడగలేదు.

జనాజా అయిన మూడో రోజు చాచీ, అంటే చాచా భార్య, బీపీ మిషన్ పెట్టె మా ఇంటికి పంపింది. "చెల్లెకు ఇయ్యాలె అని ఎప్పుడో చెప్పి పెట్టిండు," అని కబురు. అమ్మ పెట్టె ఒళ్లో పెట్టుకుని మూత తీసింది. ఎర్ర దారం వెలిసి ఇటుక రంగులోకి తిరిగింది. పట్టా తీస్తే, కింద ఒక కాగితాల కట్ట. ఓపీ చిట్టీలు. పాత చిట్టీ చూపిస్తేనే కొత్త గోలీలు ఇస్తారు కాబట్టి దాచుకున్నవి. అన్నింటి మీదా రోగి పేరు చాచాదే. రోగం రక్తపోటు. మందు, మా రేకు డబ్బాలో ఉన్నదే. ఏ చిట్టీ చూసినా బీపీ అంకె ఎర్ర దారానికి పైనే. ఒకదాని మీద డాక్టర్ ఎర్ర సిరాతో రాసి కింద గీత గీశాడు: మందు అసలు వాడుతున్నాడా అని. అంతవరకే. ఆ తర్వాతి చిట్టీలో ఆ ప్రశ్న లేదు.

దోస్తు లేడు. ఎప్పుడూ లేడు. లైన్లో నిలబడింది చాచా, తన రోగానికి. మింగింది మా బాపు.

"అమ్మా, నీకు తెలుసా?" అన్నాను. ఊరికే అడిగాను. తెలియదంటుందనే అనుకున్నాను.

అమ్మ చిట్టీల వైపు చూడలేదు. మంచం మీద బాపు నిద్రపోతున్నాడో లేదో చూసింది.

"ఆరేండ్లయితుంది," అంది. "ఒక రోజు అన్న మన అరుగు మీద కండ్లు తిరిగి కూలవడ్డడు. వద్దంటె గుడ పట్టా చుట్టిన. నా వేలు ఎర్ర దారానికి ఎంత మీద లేసిందో ఏం చెప్పాలె నీకు. నీ గోలీలేవి అన్న అంటే డబ్బా దిక్కు చూసిండు. అప్పుడు సమజైంది."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"సగం నువ్వు మింగు, సగం ఆయనకు ఏస్త అన్న. సగం సగం మింగితె ఇద్దరికీ పనిజెయ్యది చెల్లె అన్నడు. ఎవ్వలికీ చెప్పద్దని మాట తీస్కున్నడు."

"నాకు చెప్పాల్సింది."

"నీకు చెప్తే ఏం జేస్తుంటివి బిడ్డ? పేపర్ల రాస్తుంటివి. రాస్తే ఆ గోలీలు గుడ బందయితుండె." పట్టా మడిచి పెట్టెలో పెట్టింది. "రోజు పొద్దున్నే డబ్బ మూత తీస్తె ఇద్దరు మొగోళ్లు కనవడేటోళ్లు నాకు. ఒక్కనికే ఏస్తుంటి. నా పెనిమిటికే ఏసుకున్న. ఇగ ఏమంటవో అను."

లేచి చాచీ దగ్గరికి పోయాను. ఆమెకు ఆ మాత్రం కూడా తెలియదు. "నాకు గుడ చెప్పలే బేటా. గోలి మింగినవా అంటె మింగిన అనేటోడు. అందరి నోర్లు చూసినోడు, ఆయన నోరు నేనేం చూస్త?"

సంతాప సభలో విషయం విన్న ఒక పెద్దమనిషి లేచి, ఇంతటి త్యాగం చరిత్రలో లేదన్నాడు. నేను లేచాను. దీన్ని త్యాగమనొద్దు అన్నాను. త్యాగమంటే మనందరికీ హాయిగా ఉంటుంది, దండ వేసి ఇంటికి పోవచ్చు. నడవలేని మనిషి నడిచి వస్తేనే మందు ఇస్తామన్న నియమం, ఒకరి ప్రాణానికి ఇంకొకరి ప్రాణాన్ని అడిగింది. పదకొండేళ్లు అడిగింది. వినతిపత్రం ఇచ్చి మరిచిపోయిన మేము దానికి సాక్షులం. చాచా మమ్మల్ని నమ్మలేదు. మేం ఆ నియమాన్ని మార్చగలమని ఆయన ఒక్క రోజు కూడా అనుకోలేదు, అందుకే అబద్ధం చెప్పాడు. నన్ను అన్నింటికంటే ఎక్కువ కోసేది అదే. మా అమ్మను చూపించి సభల్లో చప్పట్లు కొట్టించుకున్నవాణ్ని నేను. ఆమె, ఆయన, ఇద్దరూ కూడబలుక్కుని నాకు తెలియకుండా ఉంచారు. నాకు చెప్పడం ప్రమాదమని వాళ్లిద్దరికీ అనిపించింది.

ఆ సాయంత్రం ఇంటికొస్తే అమ్మ డబ్బా చూపించింది. ఇంకా ఐదు రోజులకే గోలీలున్నాయి. నేను మళ్లీ అరవడం మొదలుపెట్టాను. దవాఖాన మీద, చాచా మీద, ఆమె మీద.

"కోపం తర్వాత," అంది అమ్మ, అచ్చం చాచా లాగే. "ముందు ఐదు నిమిషాలు గమ్మున కూసో. కాళ్లు కింద వెట్టు."

పట్టా చుట్టింది. మోచేయి కింద దిండు పెట్టింది. పాదరసం పైకి పోయి, మెల్లగా దిగసాగింది. నేను దాన్ని చూడటం లేదు. అమ్మ వేలినే చూస్తున్నాను. ఆరేళ్లు అబద్ధం మోసిన చెయ్యి అది. పాదరసం ఎర్ర దారానికి ఇంకా రెండు వేళ్ల పైన ఉండగానే వేలు లేచింది.

"మీదున్నది," అంది.

"అయితె ఇగ ఆ లైన్ల నేను నిలబడొచ్చు," అన్నాను. అనేశాక నేనేం అన్నానో నాకు అర్థమైంది. అమ్మ చెవుల్లోంచి గొట్టాలు తీసేసింది.

"నీది నువ్వే మింగాలె. నా ముందట మింగాలె. మీ బాపును ఎట్ల తీస్కపోవాల్నో ఆ ముచ్చట చెప్పు."

నాలుగో రోజు సంఘం పిల్లలు నలుగురు, దుకాణంలో బాపు కూర్చుని కుట్టిన కుర్చీతో సహా బాపును ఎత్తి బస్సులో పెట్టారు. కుర్చీతోనే దించారు, కుర్చీతోనే లైన్లో నిలబెట్టారు. లైను జరిగినప్పుడల్లా కుర్చీ జరిగింది. బాపు వెనక నేను. కిటికీ అవతలి ఆయన తల ఎత్తి, "మనిషి వచ్చిండా?" అన్నాడు. "అదే," అన్నాడు బాపు. ఆ నియమం మారలేదు. దాని సంగతి వేరే చోట రాస్తున్నాను, మాట్లాడుతున్నాను, ఈసారి వదలను. కాని ఆ రోజు రెండు పేర్ల మీద రెండు చిట్టీలు రాశారు.

ఇప్పుడు మా ఇంట్లో రేకు డబ్బాలు రెండు. పొద్దున్నే అమ్మ ఒకదాంట్లోంచి బాపుకు, ఇంకోదాంట్లోంచి నాకు తీసిస్తుంది. ఇద్దరం మంచం అంచున కూర్చుని నీళ్లతో మింగి నోరు తెరుస్తాం. బాపు నాలుక చూస్తుంది. నా నాలుక చూస్తుంది. పైకెత్తమంటుంది. ఆ తర్వాత ఆమె చూపు మా మీద నుంచి అరుగు పక్క గోడ మీదికి పోతుంది. పదకొండేళ్లు సైకిల్ ఆనించిన చోట సున్నం మీద హ్యాండిల్ రాసుకున్న నల్లటి గీత ఒకటి ఉంది. దానివైపు అట్లాగే చూస్తూ నిలబడుతుంది. ఇంక చాలనేదాకా మేమిద్దరం నోరు తెరుచుకునే కూర్చుంటాం.